అత్త కడిగించిన డబ్బాలు

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ల్యాబులో ఉన్నాను. రెండు చేతులకూ గ్లవ్స్, ముందర ఎవరిదో తెలియని మలం నమూనా. ఫోను మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి గ్లవ్స్ తీసేసి ఎత్తాను. అత్త కొడుకు. కినత్తుకడవు దగ్గర కొబ్బరి పీచు మిల్లులో పని వాడికి. పని వేళ ఎప్పుడూ ఫోను చెయ్యడు. అందుకే వాడు నోరు తెరవకముందే నాకు సగం అర్థమైంది.

"వదినే, అమ్మ పోయినాదే. పొద్దున కాపీ తాగి కాళ్లు చాపుకోని కూసున్నాది. అంతే," అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. మొదలుపెట్టిన నమూనాను పూర్తిచేసి, ఫలితం రాసి, సబ్బుతో చేతులు కడుక్కుని బయలుదేరాను. పావుగంట పట్టింది. కబురు తెలిశాక కూడా పావుగంట ఎలా ఆగగలిగావని తర్వాత బంధువులు అడిగారు. అత్త బతికుంటే ఆ మాట అడిగేది కాదు. పని సగంలో వదిలేసి వచ్చేవాళ్లంటే ఆమెకు గిట్టేది కాదు.

ఆమె మా నాన్నకు అక్క. కోయంబత్తూరు వీధులూ కాలవలూ ఊడ్చి, పూడిక ఎత్తి, రిటైరైన మనిషి. మా కాలనీలో చాలామందిది అదే పని. మా వాళ్లు ఈ ఊరికి ఎప్పుడు వచ్చారో మా తాతను అడిగితే ఆయన తన తాతను అడగమనేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి, అత్తకు ఏ అక్షరాలూ రావు. ఈ మాట గుర్తుంచుకోండి, జరిగినదానికి సగం కారణం అదే.

చిన్నప్పుడు అత్తకు నేనంటే ఇష్టం లేదనుకునేదాన్ని. మధ్యాహ్నం పని నుంచి వచ్చేటప్పుడు నేను పరుగెత్తుకుంటూ ఎదురుపోతే రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకునేది. "ఆడనే నిలుసుకో, నన్ను ముట్టొద్దు" అని అరిచేది. దొడ్లో తడిక చాటున స్నానం చేసి, గోళ్ల సందుల్లో వేపపుల్లతో గీరుకుని, కొబ్బరినూనె రాసుకున్నాక గానీ నన్ను దగ్గరికి తీసేది కాదు. తీసిందంటే మాత్రం ఇక వదిలేది కాదు, నాకు ఊపిరాడేది కాదు. క్రిముల గురించి నేను కాలేజీలో చదివింది తర్వాత, ఆమె దగ్గర చూసింది ముందు.

నా పని ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న బిడ్డ పేగుల్లో ఏ క్రిమి ఉందో తెలియాలంటే నమూనాను ల్యాబులో పెంచి చూడాలి. దానికి రెండు మూడు రోజులు. పసిబిడ్డకు అంత వ్యవధి ఉండదు. అందుకని కాగితం పట్టీ లాంటిది ఒకటి తయారుచేస్తున్నాం. మందునీళ్లలో కలిపిన నమూనా నాలుగు చుక్కలు వేస్తే పావుగంటలో చెప్పాలి. ఒక గీత వస్తే పట్టీ బాగా పనిచేస్తోందని. రెండో గీత కూడా వస్తే క్రిమి ఉందని. చెప్పడానికి ఇంతే. ఈ ఇంతకే నా తల సగం నెరిసింది.

పట్టీ తయారుచెయ్యడం ఒక కష్టమైతే, దాన్ని పరీక్షించడానికి నమూనాలు దొరకడం అంతకు మించిన కష్టం. రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా కాలనీలోనే పిల్లలకు వరసగా కడుపులు పోవడం మొదలైంది. మూత బిగించిన కొత్త ప్లాస్టిక్ డబ్బాలు సంచీలో వేసుకుని వెళ్లి ఇంటింటికీ పంచాను. ఒక్కటీ తిరిగి రాలేదు. సిగ్గు. కొందరు అందులో పోపుగింజలు పోసుకున్నారని తర్వాత తెలిసింది.

అత్త నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "మీ నాయన నిన్ను కాలేజీకి పంపింది దీంట్లోంచి బయట పడమని కదా కణ్ణూ? నువ్వేమో దీన్నే డబ్బాల్లో పట్టుకోని పోతా ఉండావు!"

అని ఊరుకోలేదు. మర్నాటి నుంచి సంచీ తన భుజానికి వేసుకుంది. ప్రతి ఇంటి ముందూ నిలబడి ఒకటే మాట: "ఊరందరి మురికీ మనం ఎత్తినాము. మన బిడ్డలది ఈ పాప ఎత్తితే మీకేంటికి సిగ్గు?" ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్లు కాలనీలో లేరు. వారం తిరక్కుండా డబ్బాలు రావడం మొదలైంది. నాకు 'డబ్బా మేడమ్' అని పేరు కూడా వచ్చింది.

డబ్బాలు వచ్చాయి, రెండో గీత రాలేదు. ఏ నమూనాకూ రాలేదు. పట్టీ తప్పేమోనని అవే డబ్బాలనుంచి తీసి ల్యాబులో పెంచి చూశాం. అందులోనూ ఏమీ పెరగలేదు. రెండూ ఒకే మాట చెప్పాయి కాబట్టి నమ్మాం. రెండూ ఒకే డబ్బాలోంచి వచ్చాయని మాలో ఎవరికీ తట్టలేదు. మొదటి గీత కూడా కొంచెం వెలిసినట్టు కనిపించేది. ఎండ వేడికి పట్టీలు పాడయ్యాయనుకున్నాం. నీళ్లు బాగానే ఉన్నాయని, ఇది ఎండదెబ్బో బయటి తిండో అని కార్పొరేషను పైవాళ్లు తేల్చేశారు.

అత్త ఒప్పుకోలేదు. "ఇంతమంది బిడ్డలు ఒకే మాదిరి పోతా ఉంటే మీ అట్టకి కనపడలేదా? దానికి కండ్లు లేవు పో," అంది. నాకు కోపం వచ్చింది. చదువుకున్నదాన్ని కదా.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను. రెండో వీధిలో సెల్వి అని ఒకామె ఉంది. ఆమె పాపకు ఏడాదిన్నర. కాళ్లకు వెండి పట్టీలతో అత్త ఇంటిదాకా ఒంటరిగా నడిచొచ్చి మరమరాలు అడిగి తినేది. ఆ పాపకూ విరేచనాలు పట్టుకున్నాయి. నమూనా అత్తే తెచ్చింది. రెండో గీత లేదు. తయారీలో ఉన్న పరీక్ష ఫలితాన్ని రోగికి చెప్పకూడదు. అది మా పనిలో మొట్టమొదటి నియమం, నేనే కొత్తవాళ్లకు నేర్పుతాను. అయినా ఆ సాయంత్రం నల్లా దగ్గర సెల్వి బెదురు చూపులతో అడిగేసరికి నోరు ఆగలేదు. "ఏమీ లేదు సెల్వీ, భయపడొద్దు. ఉప్పు చక్కెర నీళ్లు పట్టు, తగ్గిపోతాది," అన్నాను. మనవాళ్లు కదా అనుకున్నాను.

మర్నాడు పాపకు రక్తం పడింది. ఏమీ లేదని డబ్బా మేడమ్ చెప్పింది కదా అని సెల్వి ఇంకో రోజు చూసింది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

పాపను శ్మశానానికి సాగనంపిన మూడో రోజు నేను అత్త ఇంటికి వెళ్లాను. గుమ్మం పక్కన ఎవరో తెచ్చిపెట్టిన డబ్బా ఒకటి ఉంది. డబ్బాలు నేనెప్పుడూ కాలనీలో తెరవను. ఆ రోజు ఎందుకు తెరిచానో తెలియదు. మూత తియ్యగానే బ్లీచింగు పొడి వాసన గుప్పుమంది. నమూనా అంచున తెల్లటి నీళ్లు నాలుగు చుక్కలు. మా ల్యాబంతా ఎప్పుడూ అదే వాసన, బల్లలు తుడిచేది దానితోనే. అందుకే అక్కడ ఎవరి ముక్కుకూ తగల్లేదు.

"అత్తా, ఇదేమిటి?"

ఆమె ముఖం వెలిగింది. పొగుడుతాననుకుంది. "నేనే చెప్పినా అందరికీ. నా కోడలు చేత్తో పట్టుకునేది, డబ్బా సుత్తంగా ఉండాల, ముందు బ్లీచింగు నీళ్లల్లో ముంచి, దాంట్లో పట్టి ఇయ్యండి అని. తుడవొద్దు, అట్లనే ఇయ్యండి, వాసనా ఉండదు అనింటిని."

ముప్పై ఏళ్లు కాలవల పక్కన బ్లీచింగు చల్లిన మనిషి. శుభ్రమంటే ఆమెకు అదే, మర్యాదంటే కూడా అదే. కొత్త డబ్బాను ఎవరైనా ఎందుకు కడుగుతారని నేననుకున్నాను. మురికితో బతికినవాళ్లే కడుగుతారు. 'డబ్బాను కడగవద్దు' అని డబ్బాతో ఇచ్చిన కాగితంలో తమిళంలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. మూత ఎలా బిగించాలో, ఎంత నమూనా వెయ్యాలో అత్తకు నోటితో చెప్పిన నేను ఆ ఒక్క మాట చెప్పలేదు.

బ్లీచింగు తగిలితే క్రిమి చస్తుందని, పట్టీకి కూడా దొరకదని చెప్పాను. అత్త డబ్బా నా చేతిలోంచి తీసుకుని మూత బిగించింది. తర్వాత "అట్లయితే సెల్వి బిడ్డ డబ్బా?" అంది. నేను తల దించుకున్నాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రమే లేచి మళ్లీ ఇంటింటికీ తిరిగింది. "కడగొద్దు, తుడవొద్దు, నేను చెప్పింది తప్పు" అని ప్రతి గుమ్మంలోనూ అంది. వారం లోపల రెండో గీతలు వచ్చాయి, ఎర్రగా, ఒకదాని తర్వాత ఒకటి. అవే చూపించి పైవాళ్లను కదిలించాం. మంచినీళ్ల గొట్టం మురుగుకాలవలో మునిగి ఉన్న చోట పగిలి ఉంది. దాన్ని మార్చారు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన గీతలవి. చూసి సంతోషించే ఓపిక నాకు లేకపోయింది.

నివేదికలో నేను 'నమూనా సేకరణ దశలో లోపం' అని రాశాను. అబద్ధం కాదు. కానీ నల్లా దగ్గర నేనన్న మాట అందులో రాయలేదు, ఇంకెక్కడా చెప్పలేదు. సెల్వి అత్తతో మాట్లాడటం మానేసింది. అత్త కారణంగానే బిడ్డ పోయిందని కాలనీ అంతా అనుకుంది. ఎవరైనా ఎత్తిపొడిస్తే అత్త "ఆమా, నేనే" అని ఒప్పుకునేది. నేను పక్కనే ఉండి విన్న రోజులున్నాయి. నోరు విప్పలేదు. రెండో వీధి వైపు అడుగు పెట్టలేదు. పని ఉందనుకునేదాన్ని. పని ఎప్పుడూ ఉండేది.

అత్త మాత్రం నమూనాలు తేవడం ఆపలేదు. మోకాళ్లు పట్టేసినా సంచీ వదల్లేదు. వాడిపట్టి ఊరి నుంచి పెళ్లిచూపులకు వచ్చిన చుట్టాల పిల్లాడికి కడుపు పోతే వాడి డబ్బా కూడా పట్టుకొచ్చింది. "విందు తిన్నాడో లేదో గాని, నీకు పనికొచ్చినాడు," అంది. పట్టీ ఇంకా బయటికి రాలేదు. ఇంకో దశ, ఇంకో కమిటీ, ఇంకో ఎండాకాలం. "ఎప్పుడు ముగుస్తాది కణ్ణూ?" అని అడిగేది. "వచ్చే ఏడు" అనేదాన్ని. పోయిన ఏడు కూడా అదే చెప్పావని ఆమె ఒక్కసారీ గుర్తుచెయ్యలేదు.

నేను ఇంటికి చేరేసరికి అత్తను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టారు. స్నానం చేయించడానికి చుట్టూ ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకున్నారు. మా కాలనీలో తొలి చెంబు పుట్టింటి తరఫు మేనకోడలు పొయ్యాలి. చెంబు నా చేతికిచ్చారు. అప్పుడు అడ్డం పట్టిన చీరను పక్కకు జరిపి సెల్వి లోపలికొచ్చింది, చంకలో నీళ్ల బిందెతో.

బిందె దించి, "నేనూ పొయ్యనా?" అంది.

ఇక దాచుకునే ఓపిక నాకు లేదు. "సెల్వీ, డబ్బా కడగమనింది అత్త. ఏమీ లేదని నీతో అన్నది నేను. చెప్పగూడదని తెలుసు. తెలిసే చెప్పినాను. కడగొద్దని అత్తకు చెప్పకపోయింది కూడా నేనే," అన్నాను. అందరూ విన్నారు. అందరూ వినాలనే అన్నాను.

సెల్వి నావైపు చూడలేదు. "ఈమె శుక్రవారం శుక్రవారం వస్తా ఉండె. వాకిట్లో నిలబడి, తప్పు నాది, నా కోడలిని ఏమీ అనొద్దు అని చెప్పి పోతా ఉండె. నేను తలుపు తీయలేదు," అంది. బిందె నా పక్కకు జరిపింది. "ఈమె మీద కోపం కాదక్కా. నువ్వు ఒక దినమన్నా వస్తావని చూస్తా ఉంటిని."

ఆ శుక్రవారాల గురించి అత్త నాతో ఒక్క మాట అనలేదు.

సెల్వి వంగి తన బిందెలోంచి నా చెంబు నింపింది. అత్త తల ఒక పక్కకు వాలిపోతుంటే దగ్గరికి జరిగి, ఎడమచేతిని మెడ కింద పెట్టి నిలబెట్టింది. కుడి అరచేతిని, కళ్లల్లోకి నీళ్లు పోకుండా, పసిబిడ్డకు పెట్టినట్టు నుదుటికి అడ్డం పెట్టి, "పొయ్యక్కా, మెల్లగా," అంది.