ఎల్డన్ గురి తప్పిన సంవత్సరం

"రెండు వందల ముప్పై ఒకటి. ఈ అంకె నువ్వెక్కడైనా విన్నావా? నిజం చెప్పు."

ఎల్డన్ క్రూగర్ కాఫీ కప్పు పక్కకి జరిపి, దుప్పి మాంసం సాసేజిని చెక్క పలక మీద చక్రాలుగా కోస్తూ అడిగాడు. ఆ వంటింట్లో పది నిమిషాలు కూర్చున్నవాళ్ళెవరైనా ఆ అంకె వినకుండా లేచి వెళ్ళింది లేదు.

"విన్నావు కదా! పోస్టుమాను విన్నాడు, పాస్టరు విన్నాడు, చిమ్నీ దులపడానికొచ్చినవాడు నిచ్చెన మీద నిలబడి మరీ విన్నాడు. కానీ నేనేమనుకున్నాను? ఇది నా ఒక్కడికే తెలిసిన రహస్యం అనుకున్నాను. డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి, ఇదీ నా తెలివి."

"నేను మూడు వేల సార్లు విన్నాను," అంది పొయ్యి దగ్గర్నుంచి ఆయన భార్య ఆర్డిస్. "మా పెళ్ళి తేదీ అడుగు. చెప్పలేడు."

"జూన్."

"జూన్‌లో ముప్పై రోజులున్నాయి ఎల్డన్."

"అందులో ఒకటి."

రెండు వందల ముప్పై ఒక్క పౌన్లు ఒక దుప్పి బరువు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఎల్డన్ కొట్టిన దుప్పి అది. పదకొండు కొనల కొమ్ములతో దాని తల ఇప్పటికీ ముందు గదిలో సోఫా పైన ఉంది. దాని కింద ఇత్తడి రేకు మీద రెండే సంఖ్యలు చెక్కించాడు: 231, 11. ఆ తల వైపు చూస్తే చాలు, కథ మొదలవుతుంది. మంచు ఎంత లోతుంది, గాలి ఎటునుంచి వీచింది, మంచె మీద తన కాళ్ళు ఎలా తిమ్మిరెక్కాయి, అన్నీ వస్తాయి. చూడకపోయినా మొదలవుతుంది.

విస్కాన్సిన్ ఉత్తరాన ఆ చుట్టుపక్కల ఎల్డన్‌ని ఎరగనివాళ్ళు లేరు. నలభై ఏళ్ళు పాల ట్యాంకరు నడిపాడు. తెల్లవారకముందే ఏ పశువుల కొట్టంలో దీపం వెలుగుతుందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది కరుస్తానని బెదిరించి ఊరుకుంటుందో ఆయనకి తెలుసు. ఇంకో పని కూడా ఉంది ఆయనకి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి వసంతకాలం చర్చి కింది హాల్లో, వేటకి వెళ్ళబోయే పిల్లలకి తుపాకీ జాగ్రత్తలు నేర్పుతున్నాడు. జీతం లేదు. ఆర్డిస్ చేసే కుకీలు పిల్లలతో సమానంగా ఆయన వాటాకీ వస్తాయి, అంతే. "ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే లెక్క. ఖాళీ అని మీ నాన్న చెప్పినా సరే, నేను చెప్పినా సరే, ఉన్నట్టే లెక్క." మొదటి రోజు మొదటి మాట అదే. ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకొచ్చే తండ్రులు కూడా ఒకప్పుడు ఆ చెక్క కుర్చీల్లో కూర్చుని ఆ మాట అరిచినవాళ్ళే.

అంత నేర్పే మనిషి ఇంట్లో తుపాకులు ఎక్కడుండేవి? ముందు గదిలో, దుప్పి తల పక్కన, అద్దాల తలుపుల చెక్క అలమరలో. వాళ్ళ నాన్న చేసిందది. అయిదు రైఫిళ్ళు వరసగా, పెళ్ళి ఫోటోకి నిలబడ్డ అన్నదమ్ముల్లా నిలబడేవి. తాళం వేసే ఉండేది. తాళంచెవి గోడగడియారం వెనక మేకుకి వేలాడేది. ఆ ఇంట్లో అది వింతేం కాదు. ఆ వీధిలో ఏ ఇంట్లోనూ కాదు.

పోయిన సెప్టెంబరులో కూతురు ఫోన్ చేసింది. జోలీన్ మిల్వాకీలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సు. వేట సీజను తొమ్మిది రోజులూ ఆమెకి డ్యూటీ పడింది. పదకొండేళ్ళ కూతురు వెరా తాత దగ్గరికి వెళ్తానని గొడవ.

"పంపు మరి!" అన్నాడు ఎల్డన్. "మంచె మీద రెండో కుర్చీ కూడా వేశాను."

"పంపుతాను నాన్నా. ఆ అద్దాల అలమర ఉన్న ఇంటికి మాత్రం పంపను."

ఎల్డన్‌కి రోషం వచ్చింది. "నువ్వు పెరిగింది ఆ అలమర ముందే. పన్నెండేళ్ళకి మొదటి దుప్పిని కొట్టావు. తాళంచెవి ఎక్కడుందో నీకు తెలుసు. ఒక్కసారైనా ముట్టుకున్నావా?"



"ముట్టుకున్నాను."

"ఎప్పుడు?"

"పదేళ్ళప్పుడు. మీరిద్దరూ కొట్టంలో ఉన్నారు. ఇంట్లో నేనూ, పక్కింటి లోయల్ అంకుల్ వాళ్ళ అమ్మాయీ. అమ్మ బొచ్చు టోపీ పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, నీలాగా గురి చూశాను. ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమంది. అంతే. అది ఖాళీ తుపాకీ నాన్నా. కానీ ఖాళీదని నాకు తెలీదు."

ఎల్డన్ గోడకి ఆనుకున్నాడు.

"నిన్న మా వార్డుకి తొమ్మిదేళ్ళవాణ్ణి తెచ్చారు," అంది జోలీన్. "బతికాడు, ముందే చెప్తున్నా. బట్టల అలమర పైన బూట్ల డబ్బాలో పిస్తోలు దొరికిందట. వాళ్ళ మామయ్య దాచాననుకున్నాడు. మంచివాడే. వచ్చి గోడకేసి తల బాదుకున్నాడు. అందరూ మంచివాళ్ళే నాన్నా. దాచామనే అనుకుంటారు."

మర్నాడు పొద్దున్నే ఎల్డన్ ఇనప బీరువా కొనుక్కొచ్చాడు.

దాన్ని నేలమాళిగలోకి దించడం ఆ ఏడాది ఆ వీధికి దొరికిన పెద్ద వినోదం. పొరుగింటి లోయల్ కింద నిలబడి "మెల్లగా, మెల్లగా!" అంటాడు. పైనుంచి ఎల్డన్ "మెల్లగా అని దానికి చెప్పు, నాకు కాదు!" అంటాడు. బీరువా మెట్ల రెయిలింగును తనతోపాటు తీసుకుని దిగింది. ఆర్డిస్ కాఫీ కప్పుతో పై మెట్టు మీద కూర్చుని, "లోయల్, నువ్వు కింద పడితే మీ ఆవిడకి ఏమని చెప్పను?" అని అడిగింది.

"కుదురుగా పోయాడని చెప్పు."

రైఫిళ్ళు లోపలికి వెళ్ళాయి. తూటాలు వేరే పెట్టెలోకి వెళ్ళాయి. ఇక తాళానికి అయిదంకెలు పెట్టాలి. ఎన్నటికీ మర్చిపోని అంకెలు కావాలి ఎల్డన్‌కి. ఎక్కువసేపు ఆలోచించలేదు. కూతురికి ఫోన్ చేసి, "బ్యాంకు దొంగలు కూడా మా ఇంటికొచ్చి, టోపీ తీసి, దండం పెట్టి వెళ్ళిపోవాల్సిందే," అన్నాడు.

"నేనే వచ్చి చూస్తాను నాన్నా. బాగుంటే వెరాని దింపి వెళ్తాను. లేకపోతే వెనక్కి తీసుకుపోతాను. తర్వాత ఏడవకూడదు, నువ్వైనా అదైనా."

సీజను మొదలయ్యే ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు దిగారు. జోలీన్ కోటు విప్పకుండానే నేలమాళిగలోకి వెళ్ళింది. బీరువా మీద పిడికిలితో కొట్టింది. పిడి లాగింది. తూటాల పెట్టె తాళం లాగింది. రెయిలింగు లేని మెట్లు చూసి ఒక్క క్షణం ఆగింది.

"బీరువా బాగుంది. మెట్లే మనుషుల్ని చంపేట్టున్నాయి," అంది.

ఎల్డన్ ఛాతీ అంగుళం పెరిగింది. అందరూ పైకొచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆర్డిస్ పళ్ళ కింద కీచుమనే తాజా చీజ్ ముక్కలు పెట్టింది. జోలీన్ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. వెరా ఒక చీజ్ ముక్క నోట్లో వేసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. సోఫా ఎక్కి, ఇత్తడి రేకు ముందు కాసేపు నిలబడింది. తర్వాత మెట్లు దిగిన చప్పుడైంది. తర్వాత అయిదు సార్లు బీప్. తర్వాత ఇంకో పొడుగాటి బీప్.

"తాతా! తెరుచుకుంది!"

ముగ్గురూ కిందికి పరిగెత్తారు. వెరా అక్కడే ఉంది. బీరువాకి నాలుగడుగుల దూరంలో, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, ఎల్డన్ తన పాఠంలో చెప్పినట్టే నిలబడింది.

"నేనేం ముట్టుకోలేదు," అంది. "నువ్వు ఆ దుప్పి గురించి తప్ప ఇంకేం చెప్పవు కదా తాతా. అందుకని ఆ రేకు మీది అంకెలే నొక్కి చూద్దామని…"

జోలీన్ బీరువా తలుపు మూసి, పైకి వెళ్ళి, కుర్చీ మీది కోటు తీసుకుంది.

"వెరా, బూట్లు వేసుకో."

"అమ్మా, నేను ముట్టుకోలేదు!"

"నీమీద కోపం కాదమ్మా. వేసుకో."

ఎల్డన్ మెట్లెక్కి వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళ పాఠాలు, ఎంతమంది పిల్లలో, అన్నీ ఆ రెయిలింగు లేని మెట్ల మీద ఆయన వెనకే నడిచొచ్చినట్టనిపించింది. వాదించడానికి ఆయన దగ్గర మాటలున్నాయి. పిల్ల ముట్టుకోలేదు, తూటాలు వేరే ఉన్నాయి, రేపు మారుస్తాను. అవన్నీ పక్కన పెట్టాడు. సొరుగు తెరిచి, ఆర్డిస్ కోళ్ళు కోసే పెద్ద కత్తెర తీశాడు. చొక్కా వెనక కొస ప్యాంటులోంచి బయటికి లాగి, కుర్చీలో అటు తిరిగి కూర్చుని, కత్తెర వెరా చేతికిచ్చాడు.

అడవిలో ఆయనా లోయలూ కట్టుకున్న వేట గుడిసె గోడ నిండా చొక్కా కొసలే. దుప్పిని గురి చూసి తప్పినవాడి చొక్కా కొస ఆ సాయంత్రమే కోసి, పేరూ సంవత్సరమూ రాసి, మేకు కొడతారు. ఎవరి తాతలు మొదలుపెట్టారో తెలీదు. లోయల్‌వి తొమ్మిదున్నాయి. జోలీన్‌వి రెండున్నాయి, ఒకటి గళ్ళది, ఒకటి ఊదారంగుది. ఎల్డన్‌ది ఒక్కటీ లేదు. ఆ మాట కూడా ఆయన దుప్పి కథలో ఒక భాగం.

"కొయ్యి," అన్నాడు. "గురి తప్పాను."

వెరా తల్లి వైపు చూసింది. జోలీన్ పెదవులు బిగపట్టుకుంది.

"చొక్కా కోస్తే తాళం పడదు నాన్నా."

"పడదు. అందుకే అది అయ్యాక నువ్వు కిందికెళ్ళి కొత్త నంబరు పెట్టు. నాకు చెప్పకు."

"నీకు చెప్పకుండా?"

"నాకు చెప్తే కథ చెప్తాను. నా నోరు నాకు తెలుసు. మీ అమ్మకి చెప్పు. ఆవిడ నోట్లోంచి మాట రాదు. నలభై తొమ్మిదేళ్ళ నుంచి నా గురించి ఏమనుకుంటోందో ఇప్పటికీ చెప్పలేదు."

"చెప్పాను," అంది ఆర్డిస్. "నువ్వు దుప్పి గురించి చెప్తుంటే నీకు వినబడలేదు."

జోలీన్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కోటు మళ్ళీ కుర్చీకి తగిలించి, కిందికి వెళ్ళింది. వెరా చేతిలో కత్తెర కరకరమంది. కాసేపటికి జోలీన్ పైకొచ్చి తల్లి చెవిలో అయిదంకెలు చెప్పింది. ఆర్డిస్ తలాడించి, "చాలా తేలిక," అంది. అంతకుమించి ఇంతవరకూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడు చీకటితోనే ఎల్డన్ తన ఇంట్లో, తన నేలమాళిగలో, తన బీరువా ముందు నారింజరంగు కోటు వేసుకుని గోడకేసి తిరిగి నిలబడ్డాడు, ఆర్డిస్ నంబరు నొక్కేదాకా. "నిన్న చెత్త బయట పెట్టావా?" అని అడిగిందావిడ. పెట్టలేదు. పెట్టి వచ్చాకే రైఫిల్ చేతికొచ్చింది.

మంచె మీద వెరా ఆరు శాండ్‌విచ్‌లు తింది. పొద్దెక్కాక ఒక ఆడ దుప్పి పిల్లతో వచ్చి, ముప్పై గజాల్లో నిలబడి, చెవులు తిప్పింది. ఎల్డన్ మనవరాలి వైపు చూశాడు. వెరా తల అడ్డంగా ఊపింది.

"నాకు చూడ్డమే బాగుంది తాతా," అంది గుసగుసగా. "వచ్చే ఏడు కూడా చూడ్డానికే వస్తాను. ఏమనుకోకు."

ఎల్డన్‌కి గుండెలో ఒక చోట చివుక్కుమంది. దాచడమెందుకు, అనిపించిందని ఆయనే చెప్తాడు. ఆ తర్వాత వెరా చివరి శాండ్‌విచ్ సగం చేసి ఇచ్చింది. మంగళవారం ఒక్కడే వెళ్ళి ఆరు కొనలదాన్ని కొట్టాడు. దాని బరువు ఎవరికీ చెప్పడు. ఆ సాసేజే ఈ పలక మీదున్నది.

తండ్రీకూతుళ్ళకి అన్నీ కుదిరిపోయాయని కాదు. పిస్తోళ్ళు ఎవరికిబడితే వాళ్ళకి అమ్మకూడదంటుంది జోలీన్. మంచివాడి చేతిలోది లాక్కుని ఏం లాభమంటాడు ఎల్డన్. మా వార్డుకొచ్చి ఒక శనివారం కూర్చోమంటుంది ఆమె. ఆ వాదన క్రిస్మస్‌కి మొదలై, గుమ్మడికాయతో చేసిన తీపి 'పై' రెండో ముక్క దగ్గర ఆగింది, మూడో ముక్క ఎవరిదన్న వాదన వచ్చింది కనక.

ఏప్రిల్ వచ్చింది. నిన్న సాయంత్రం చర్చి కింది హాల్లో ఈ ఏటి మొదటి పాఠం. ఎల్డన్ మొదటి మాట మార్చాడు. కోసిన చొక్కా కొస జేబులోంచి తీసి చూపించి, కథంతా చెప్పాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. అప్పుడడిగాడు: "మీ ఇంట్లో తుపాకుల తాళంచెవి ఎక్కడుంటుందో, నంబరేమిటో తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. ఎక్కడో చెప్పొద్దు. చెయ్యి మాత్రమే."

ఇరవై నాలుగు మందిలో ఇరవై రెండు చేతులు లేచాయి. వెనక వరసలో కూర్చున్న తల్లిదండ్రులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన మెల్లగా లేచి, ఫోన్ చేసుకోవడానికి బయటికెళ్ళాడు. మిగిలిన ఇద్దరు పిల్లల ఇళ్ళలో తుపాకులే లేవట.

"చూశావా," అన్నాడు ఎల్డన్, మిగిలిన సాసేజిని కాగితంలో చుట్టి, దారం కడుతూ. చొక్కా కొస ఇప్పుడు గోడగడియారం వెనక పాత తాళంచెవి వేలాడిన మేకుకే, గడియారం కిందికి దిగి కనిపిస్తూ ఉంది. దాని మీద వెరా వంకర రాత: తాత, ఒక బీరువా తప్పాడు. "గుడిసెలో కొట్టమన్నాడు లోయల్. ఇక్కడే ఉండనీ అన్నాను. ఏదీ, లేస్తున్నావా? ఇది తీసుకో. పల్చగా కోసుకో, మందంగా కోస్తే ఆర్డిస్‌కి కోపం. వెళ్తూ వెళ్తూ లోయల్ ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగు. ఈస్టర్‌కి వాడి మనవలు వస్తున్నారు, నలుగురూ. వాడి బీరువా నంబరు వాడు పట్టిన పెద్ద చేప పొడుగని చెప్పు. యాభై రెండూ పావు అంగుళాలు, ఊరందరికీ తెలుసు. ఇవాళే మార్చమను. నేను చెప్తే చేప కథ మొదలెడతాడు. నువ్వు గుమ్మంలోనే నిలబడి చెప్పు. కూర్చున్నావో, అయిపోయావు."