నందికనుమ ఎక్కని పెట్రోలు

మార్కాపురం నుంచి నందికనుమ మీదుగా కర్నూలుకు పెట్రోలు కారులో పోదలచినవారికి ఒక్క విషయం ముందే చెప్పాలి. కారు ఎంత బాగున్నా, డ్రైవరు ఎంత తెలిసినవాడైనా, టాంకులో ఏ పెట్రోలు పోశారో చూసుకోకుండా ఆ కనుమ ఎక్కకండి. మా డ్రైవరు చూసి చెప్పాడు. నేనే వినలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు కావస్తున్న రోజులవి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయినా, మాకు జిల్లా కచేరీ, పెద్దాసుపత్రి కర్నూలే. నేను మార్కాపురం హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మా అక్క నాగమ్మను బేస్తవారిపేట దగ్గర పల్లెలో ఇచ్చారు. బావ గురవయ్య గొర్రెల కాపరి. నలభై దాటిన మనిషి. గజ్జలో నిమ్మకాయంత వాపు ఎన్నో ఏళ్లుగా ఉండేది. బరువెత్తితే బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. దాన్ని ఆయన జబ్బు కిందే లెక్కపెట్టలేదు.

ఎండలు ముదురుతున్న ఒకనాటి ఉదయం ఏడు గంటలకు, మొదటి బస్సులో బావను పడుకోబెట్టుకుని అక్క మా ఇంటికి వచ్చింది. రాత్రి నుంచి వాపు లోపలికి పోలేదట. రాయిలా గట్టిపడిందట. ఎనిమిదింటికి మార్కాపురం డాక్టరుగారు చూసి, నన్ను పక్కకు పిలిచారు.

"పేగు జారి బిగుసుకుపోయింది. కోసి సరిచేయాలి. ఇక్కడ ఆ వసతి లేదు. ఎంత తొందరగా కర్నూలు చేరిస్తే అంత మంచిది. సాయంత్రం దాటనివ్వకండి."

కర్నూలు వైపు పోయే పాసింజరు తెల్లవారకముందే వెళ్లిపోయింది. మళ్లీ బండి సాయంత్రానికే. బస్సులో పోదామంటే గిద్దలూరులో మారాలి, బావ కూర్చోలేడు. ఊళ్లో ఒక పలకల వ్యాపారికి యుద్ధానికి ముందటి పెట్రోలు కారు ఉంది. ఆయన్ను అడిగితే డ్రైవరు మస్తానును ఇచ్చి పంపాడు. మస్తాను యాభై ఏళ్లవాడు. మాట తక్కువ, చెవి ఎక్కువ. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడని ఊళ్లో పేరు.

ఎనిమిదీ ముప్పావుకు బంకు దగ్గర కారాపి మస్తాను నన్ను దిగమన్నాడు.

"సార్, పోయిన నెల ఈ ఇంజను హెడ్డు అరగదీసి చదును చేసినారు. అప్పట్నించి లోపల వత్తిడి ఎక్కువైంది. మామూలు పెట్రోలు పోసి గట్టిగా తొక్కితే టకటకమని నాకింగు కొడ్తాంది. దీనికి ఆక్టేన్ ఎక్కువుండే పెట్రోలు కావాల."

"ఆక్టేన్ అంటే ఏమిటన్నా?"

"ఓర్పనుకో సార్. ఓర్పుండే పెట్రోలు నిప్పు తగిలిందాకా ఆగి, వరసగా మండుతాది. ఓర్పు లేంది, వత్తిడికి దానంతటదే యాడబడితే ఆడ అంటుకుంటాది. ఆ దెబ్బ పిస్టను నెత్తిన సుత్తి పెట్టి కొట్టినట్టే."

బంకతను మా మాటలు వింటూనే ఉన్నాడు. "మేలురకం డ్రమ్ములు పొద్దున్నే స్టేషన్లో దిగినాయి. ఎద్దులబండి పంపినా. గంటలో వస్తాది, మహా అయితే గంటన్నర. ఇప్పుడుండేది మామూలుదే" అన్నాడు.

నేను కారులోకి చూశాను. బావ తల అక్క ఒళ్లో ఉంది. పంచె కొస నోట్లో కుక్కుకుని కొరుకుతున్నాడు. గంటన్నర ఆగడమా?

"ఉన్నదే పొయ్యండి, పోదాం" అన్నాను.

"కనుమ ఉంది సార్" అన్నాడు మస్తాను.

"నిదానంగా ఎక్కుదాం లేన్నా."

టాంకు నింపుకుని తొమ్మిదింటికి బయలుదేరాం.

బేస్తవారిపేట దాకా దారి చదునే. రెండు పక్కలా కోత అయిపోయిన జొన్న చేలు. కారు చప్పుడు లేకుండా పోయింది. నేను చేసింది సరైన పనేననుకున్నాను. పదకొండుకు కంభం చేరాం. అక్కడ బస్సులు ఆగేచోట కాఫీ హోటలు ఉంది. ఇడ్లీ బాగానే ఉంటుంది, మంచినీళ్లు కూజాల్లో పెడతారు. నేను రెండు ఇడ్లీలు తిన్నాను. అక్క ఏమీ ముట్టలేదు.

కంభం దాటాక ఒక చిన్న ఎత్తు వచ్చింది. మస్తాను కాలు కాస్త గట్టిగా నొక్కగానే, డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు బానెట్ కింద చప్పుడు మొదలైంది. కాలు సడలించగానే ఆగిపోయింది. అంత నొప్పిలోనూ బావ కళ్లు తెరిచాడు.

"ఏందిరా అది?"

"ఇంజను, బావా."

"దానికి మేత పడలా" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

అద్దంలో మస్తాను కళ్లు ఒక్కసారి నా మీద నిలిచి, మళ్లీ దారి మీదికి పోయాయి.

గిద్దలూరు చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడా మేలురకం పెట్రోలు దొరకలేదు. మస్తాను ఒక వేపచెట్టు కింద కారాపి బానెట్ ఎత్తాడు. ఒక మర వదులు చేసి, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి తిప్పి బిగించాడు. "నిప్పు కొంచెం ఆలస్యంగా పడేటట్టు పెట్టినా. నాకింగు తగ్గుతాది. ఊపు కూడా తగ్గుతాది. రెండో గేరులోనే పోవాల, తొందరపెట్టమాకండి" అన్నాడు. ఈ పనికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను గడియారం చూస్తూ నిలబడ్డాను.

దిగువమెట్ట దగ్గర అడవి మొదలవుతుంది. గేటు దగ్గర ఫారెస్టు గార్డు కారులోకి తొంగిచూసి, "నీళ్లు నింపుకోండి, పైన చుక్క దొరకదు" అన్నాడు. రెండు డబ్బాలు నింపుకున్నాం. ఆ దారిన పోయేవారు అతని మాట తప్పక వినాలి.

ఒంటిగంటకు కనుమ ఎక్కడం మొదలుపెట్టాం. దారి వంపులు తిరుగుతూ పోతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఆకురాల్చిన చెట్లు. కారు నడిచేవాడి వేగం కంటే కాస్త ఎక్కువగా ఎక్కుతోంది. రెండుసార్లు ఆగి రేడియేటరులో నీళ్లు పోశాం. మూడో వంపులో బావ అరిచాడు. గొర్రెల మంద మీద పడ్డ తోడేలును కర్రతో కొట్టి తరిమిన మనిషి ఆయన. అటువంటివాడు "ఓయమ్మా" అని చిన్నపిల్లవాడిలా అరిచాడు. ఆకుపచ్చగా వాంతి చేసుకున్నాడు. అక్క తన కొంగుతోనే తుడిచింది.

"తమ్ముడూ, కొంచెం బిరీన పొమ్మని చెప్పురా" అంది.

"మస్తానన్నా, ఇంకొంచెం తొక్కు" అన్నాను.

"తొక్కితే ఇంజను ఓర్చుకోదు సార్."

"మనిషి పోయేట్టున్నాడన్నా! ఇంజనుదేముంది? తొక్కు!"

ఆ మాటకు అతను కాలు నొక్కాడు. రెండో గేరు నుంచి మూడుకు మార్చాడు. కారు ఊపందుకుంది, వెంటనే చప్పుడు మొదలైంది. ఈసారి గులకరాళ్లలా లేదు, ఇనప సలాకతో రేకు మీద ఆపకుండా కొడుతున్నట్టుంది. కాలి కింద అడుగుపలక అదురుతోంది. నాకు తెలుసు అది ఏమిటో. తెలిసి కూడా ఊరుకున్నాను. ముందుకు పోతున్నాం కదా అనుకున్నాను. మైలు కూడా పోలేదు. దభీమని ఒక్క చప్పుడు. వెనక నీలం పొగ. కారు కుంటుతూ నాలుగు గజాలు పోయి ఆగింది.

మస్తాను ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పాడు. మూడోదాని కొన మీద అల్యూమినియం కరిగి చిన్న పూసల్లా అంటుకుని ఉంది. నా అరచేతిలో పెట్టాడు. వేడికి చేయి చురుక్కుమంది.

"పిస్టనుకు బొక్క పడింది సార్. ఇది ఇంక కదలదు."

అప్పుడు రెండు కావస్తోంది.

బావను దించి చెట్టు నీడన దుప్పటి మీద పడుకోబెట్టాం. వాహనం ఒక్కటీ రాలేదు. మస్తాను ఒక వంపు దాకా కిందికి, నేను ఒక వంపు దాకా పైకి నడిచి చూసి వచ్చాం. రెండున్నర ప్రాంతంలో బావ అరుపు ఆగింది. పరుగున వెళ్లాను. ఆయన నెమ్మదిగా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. నుదుటి మీద చెమట చల్లగా ఉంది.

"నొప్పి పోయిందిరా" అన్నాడు. "దిగులుపడమాక. బండి వస్తే వెనక్కే పోదాం. ఆ నల్లమూతి గొర్రె ఇయ్యాలో రేపో ఈనుతాది. మీ అక్కకు తెలవదు, అది పిల్లను దగ్గరికి రానీదు."

అక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది. కొండల వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ఆయన నీళ్లు అడిగితే నేనే తాగించాను. మస్తాను కూడా వచ్చి కూర్చుని, "అల్లా దయ" అన్నాడు. ఒక గంటసేపు మేం నలుగురం నిజంగా సంతోషంగా ఉన్నాం. ఇంజను పోతే పోయింది, మనిషి దక్కాడనుకున్నాను.

నాలుగింటికి వెదురు లోడుతో లారీ వచ్చింది. కర్నూలు పోతోంది. డ్రైవరు ముక్కూమొహం తెలియనివాడు. విషయం వినగానే క్లీనరును వెదురు మీదికి ఎక్కించి, బావనూ అక్కనూ ముందు కూర్చోబెట్టుకున్నాడు. "నొప్పి లేదంటాండాడు గదా, ఇంటికి పోతే సరిపోదా?" అన్నాడు. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. కానీ డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి, కర్నూలుకే పోదామన్నాను. ఆ రోజు నేను తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటే.

మస్తాను కారు దగ్గరే ఉండిపోయాడు. లారీ ఎక్కబోతూ, "నేనే తొక్కమన్నానన్నా, మీ యజమానికి నేను చెప్తాను" అన్నాను.

"నువ్వు చెప్పినావు, నిజమే. కాలు నాది గదా సార్" అన్నాడు. మా ఇద్దరిలో ఎవరూ ఇంకొకరి మొహం చూడలేదు.

వెదురు మీద పడుకుని నంద్యాల దాటాను. కర్నూలు చేరేసరికి ఊళ్లో దీపాలు పెట్టారు. ఆసుపత్రి డాక్టరు పొట్ట మీద చేయి వేసి చూసి, "నొప్పి ఎప్పుడు ఆగింది?" అని అడిగాడు.

"రెండున్నరకండీ. అప్పట్నించి బాగానే ఉన్నాడు" అన్నాను.

ఆయన నన్ను వరండాలోకి తీసుకుపోయి నెమ్మదిగా చెప్పాడు. "అది తగ్గడం కాదు మాస్టారూ. పేగు చచ్చిపోయింది. చచ్చినదానికి నొప్పి ఉండదు. ఆపరేషను చేస్తాం. ఆశ మాత్రం పెట్టుకోకండి."

"ఇంకో మూడు గంటలు ముందు తెచ్చుంటే?"

"ఖాయంగా చెప్పలేను. అవకాశం ఉండేది."

నేను లెక్కల మాస్టరును. బంకులో గంటన్నర ఆగి, మేలురకం పెట్రోలు పోసుకుని, పదింబావుకు బయలుదేరి ఉంటే ఎన్నింటికి కర్నూలు చేరేవాళ్లమో ఆ వరండాలో లెక్కవేశాను. ఎన్ని విధాల వేసినా పొద్దుండగానే చేరతాం. ఆ తరవాత ఎన్నోసార్లు అదే లెక్క వేశాను. జవాబు మారలేదు.

ఆపరేషను చేశారు. బావ రెండు రోజులు ఉన్నాడు. మూడోనాడు పొద్దున, అక్క గంజి తేవడానికి ఎదురుగా ఉన్న సత్రానికి వెళ్లినప్పుడు పోయాడు. అంత దూరం శవాన్ని తీసుకుపోయే దారి మాకు లేదు. తుంగభద్ర ఒడ్డున పూడ్చిపెట్టాం. గొయ్యి తవ్వినవాళ్లు, పాడె మోసినవాళ్లు అందరూ కొత్తవాళ్లే. ఆ వెదురు లారీ డ్రైవరు మాత్రం కబురు విని వచ్చి నాలుగో భుజం పట్టాడు.

తిరుగు ప్రయాణం రైల్లో. కర్నూలులో ఎక్కి ద్రోణాచలంలో దిగి, గుంటూరు వైపు పోయే మీటరుగేజి బండి పట్టుకోవాలి. ద్రోణాచలంలో చాలాసేపు ఆగాల్సి వస్తుంది, తిండి వెంట తెచ్చుకోవడం మంచిది. మూడో తరగతిలో మాకు కిటికీ పక్కనే చోటు దొరికింది. నంద్యాలలో బుట్టతో ఎక్కిన ఒక పెద్దావిడ అక్కను పలకరించింది.

"యాడికి పోయొస్తాండారమ్మా?"

"మా ఇంటాయన్ని కర్నూల్లో దించి వస్తాండాం" అంది అక్క.

"ఆడేమన్నా ఉద్యోగమా?"

ఆ పెద్దావిడ అక్క బోసి మెడ చూసింది. బుట్టలోంచి రెండు అరటిపళ్లు తీసి అక్క ఒళ్లో పెట్టింది.

బండి అడవిలోకి వచ్చింది. సొరంగం దాటింది. ఇంక దాచుకోవడం నావల్ల కాలేదు. బంకులో మస్తాను ఏమన్నాడో, డ్రమ్ములకోసం ఆగుదామన్నట్టు చూస్తే నేనేమన్నానో, పెట్రోలు సంగతి అంతా అక్కకు చెప్పాను. అదంతా జరిగినప్పుడు తను కారులోనే ఉంది గానీ, బావ మొహం తప్ప ఏదీ వినే స్థితిలో లేదు.

అక్క ఒళ్లోని అరటిపళ్లు తీసి పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఈ మాట ఇంటికాడ అనమాక" అంది చివరికి. "పసరు కట్టి చూద్దాం, పట్నం వద్దని మా అత్త ఆ పొద్దు కాళ్లకు అడ్డంపడింది. నేనే తోసుకోని వచ్చినా. కొడుకు పోయినాడు, ఆమెకు తిట్టేదానికి ఎవరో ఒకరు కావాల. నన్ను తిట్టుకోనీ. నిన్ను గూడా తిడితే ఇంక నాకు పుట్టినింటి గడప ఉండదు."

ఆ దారి గురించి ఎవరడిగినా పెట్రోలు, నీళ్లు, బండ్ల వేళలు అన్నీ చెబుతాను. ఇంత కష్టమైన ప్రయాణం నేను ఇంకొకటి చేయలేదు. అందులో అన్నిటికంటే కష్టమైంది కనుమ కాదు. కంభం స్టేషనులో దిగాక, అక్క వెనక నాలుగడుగుల దూరంలో, నోరు మూసుకుని ఆ పల్లెదాకా నడవడం.