చెవులక్క పైకి చెప్పిన మాట

చెవులక్కకు నోరు కాస్త పెద్దదే. వినికిడి తగ్గినవాళ్ల మధ్య పదిహేనేళ్లు పనిచేస్తే ఎవరి నోరైనా పెద్దదవుతుంది, అందులో ఆమె తప్పేమీ లేదు. చెవి మిషన్లు అమర్చే చిన్న క్లినిక్‌లో వెనకగది ఆమెది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద భూతద్దం, గోరంత స్క్రూలున్న డబ్బాలు. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ మెట్లెక్కరు. ముసలీ ముతకా అందరికీ ఆమె చెవులక్కే.

ఆమె పని తీరు ఒకటుంది. ఒక కన్ను భూతద్దానికి, రెండు చేతులూ మిషన్‌కు అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి రాసుకోవడం కుదరదు. అందుకని చూసిందల్లా పైకి చెబుతుంది, ముందుగదిలో డాక్టరు మేడమ్ రిజిస్టరులో రాసుకుంటుంది. "గొట్టం శుభ్రంగా ఉంది. సెల్ బాగుంది. వాల్యూమ్ మూడులో. మీట ఎమ్‌లో." చివర్లో గుండె చూసే గొట్టంలాంటిది చెవుల్లో పెట్టుకుని, రెండో కొస మిషన్‌కు తగిలించి వింటుంది. ముందుగదిలోంచి మేడమ్ మెల్లగా "తలుపు" అంటుంది, "బంతి" అంటుంది. వినపడింది వినపడ్డట్టు చెవులక్క పైకి చెప్పాలి. 'పంది' అని వినపడితే 'పంది' అనే చెప్పాలి. ఆలోచించకూడదు. ఆలోచిస్తే మనసు సర్దేస్తుంది, మిషన్ లోపం దాక్కుంటుంది. మేడమ్ నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. పొయ్యి దగ్గర నిలబడి "ఉప్పు వేశా, మంట తగ్గించా" అని ఆమె గట్టిగా అంటుంటే, హాల్లోంచి మొగుడు "రాసుకున్నాను మేడమ్" అనేవాడు.

అసలు ఈ పనిలోకి వచ్చిందే తమ్ముడి కోసం. అయిదేళ్లప్పుడు జ్వరమొచ్చి వాడి వినికిడి ముప్పాతిక పోయింది. అప్పటికి ఆమెకు పదమూడు. మాట్లాడాల్సిన పనిలేని ఆట ఏదా అని వెతికి చదరంగం బల్ల తెచ్చిపెట్టింది. మూడో నెలలోనే వాడి చేతిలో ఓడిపోయింది, మళ్లీ ఎప్పుడూ గెలవలేదు. ఆ ఓటమి గురించి చెప్పుకున్నంత గొప్పగా తన పెళ్లి గురించి కూడా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు తమ్ముడికి ముప్ఫై నిండాయి. పగలంతా గోదాములో పార్సిళ్లకు టేపు వేస్తాడు. మాస్టర్ బిరుదు మూడుసార్లు అర పాయింటు తేడాతో చేజారింది. అదొస్తే చదరంగం నేర్పే బడిలో కోచ్‌గా తీసుకుంటామన్నారు. రాకపోతే జీవితమంతా టేపే. "ఇదే ఆఖరిసారి అక్కా, ఇక ఓపిక లేదు" అన్నాడు ఈ పోటీకి ముందు. ఈసారి మాత్రం ఒక్క ఆటా ఓడకుండా చివరి రోజుదాకా వచ్చాడు. చెవులక్క సెలవు పెట్టి మరీ వెళ్లి హాల్లో ప్రేక్షకుల వరసలో కూర్చుంది.

ఆట మొదలవకముందు నీళ్ల సీసా ఇద్దామని వెనక నుంచి "ఒరేయ్" అని పిలిచింది. వాడు తిరగలేదు. సెల్ అయిపోవచ్చిందేమో, పెట్టుకునే ముందు చూసుకోడు వెధవ, అని తిట్టుకుని సీసా బల్ల మీద పెట్టి వచ్చింది.

గంట తర్వాత ఎదుటి ఆటగాడు చెయ్యెత్తాడు. ఆర్బిటర్‌ను, అంటే ఆటకు తీర్పరిని, పిలిచి ఏదో చెప్పాడు. ఆ పెద్దాయన గడియారం ఆపి, తమ్ముడిని పక్కగదిలోకి రమ్మన్నాడు. చెవులక్క ఎవరూ పిలవకుండానే వెళ్లింది.

"మీవాడు బల్ల వైపు సరిగా చూడటం లేదట. ఏదో వింటున్నట్టు కూర్చుని ఎత్తులు వేస్తున్నాడని ఫిర్యాదమ్మా" అన్నాడు ఆర్బిటర్, ఇబ్బందిగా.

"చెవిటివాడు వింటున్నట్టు కూర్చోవడం కూడా నేరమేనా సార్?" చెవులక్క గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి. "నా పనే ఇది. ఇప్పుడే మీ ముందు విప్పి చూపిస్తా. మీరు రాసుకోండి."

తమ్ముడు ఆమె పెదవులే చూస్తున్నాడు. "వద్దక్కా. ఆట వదిలేస్తాను. ఇంటికెళ్దాం పద."

"నోర్మూసుకో. తప్పు చేయనివాడు ఎందుకు వదిలేస్తాడు? తియ్యి."

వాడు చెవి మిషన్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. తల దించుకున్నాడు. చెవులక్క సంచిలోంచి సామాను తీసి, తమ్ముడి భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. "గొట్టం శుభ్రంగా ఉంది. సెల్ బాగుంది. వాల్యూమ్ నాలుగులో. మీట టీలో..."

అక్కడ ఆగింది.

"టీ అంటే ఏంటమ్మా?" అన్నాడు ఆర్బిటర్, రాస్తూనే.

మీట ఎమ్‌లో ఉంటే గదిలో మాటలు వినిపిస్తాయి. టీలో ఉంటే అవేవీ వినిపించవు, దగ్గర్లోని ఫోనులోంచో తీగచుట్టలోంచో వచ్చే శబ్దమే వినిపిస్తుంది. ఆ తీగ మెడ చుట్టూ కూడా వేసుకోవచ్చు. ఆ సంగతి ఆ గదిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఇంత ఉక్కలో తమ్ముడి చొక్కా మెడ గుండీ దాకా పెట్టి ఉండటం ఇప్పుడు కనిపించింది. వాడింకా నేల వైపే చూస్తున్నాడు.

"ఫోన్ కోసం సార్" అంది ఆర్బిటర్ వైపు తిరిగి. "పొద్దున నాతో మాట్లాడాడు. తర్వాత మార్చడం మరిచిపోయాడు."

పొద్దున వాడు ఫోన్ చేయనేలేదు. పదిహేనేళ్లలో ఒక మిషన్ చేతిలో పట్టుకుని ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఏ తడబాటూ లేకుండా వచ్చింది.

"అంతేనా!" పెద్దాయన మొహం తేటపడింది. "ఇంకేమైనా చూడాలా?"

లేదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అబద్ధానికి గట్టి ముడి వేద్దామనుకుంది. ఆట ఆగింది కాబట్టి అవతల ఎవరున్నా మాట్లాడరు, టీలో చిన్న హోరు తప్ప ఏమీ ఉండదు, ఆ మాటా రాయించేస్తే పీడ వదులుతుంది అనుకుంది. గొట్టం చెవుల్లో పెట్టుకుని, రెండో కొస మిషన్‌కు తగిలించింది. అప్పుడే తమ్ముడు తలెత్తాడు. చెయ్యి చాచాడు, ఆలస్యమైపోయింది.

"గుర్రం ఎఫ్ ఐదు" అంది చెవులక్క. "గుర్రం ఎఫ్ ఐదు. ఆడు. గుర్రం ఎఫ్ ఐదు."

వినపడింది వినపడ్డట్టు, ఆలోచించకుండా చెప్పింది. మూడోసారి అన్నాక గానీ ఆ మాటలేమిటో ఆమెకే తట్టలేదు. ఆర్బిటర్ కలం అప్పటికే 'గుర్రం' రాసి ఆగిపోయింది. ఆటను నెట్‌లో చూస్తూ, కంప్యూటర్ చెప్పిన ఎత్తును అందించే మనిషి ఎక్కడో ఉన్నాడు. గడియారం ఆపారని అతనికి తెలియదు. ఎత్తు ఎంతకీ పడటం లేదని మళ్లీ మళ్లీ చెబుతున్నాడు.

చొక్కా విప్పితే మెడ చుట్టూ తీగ, నడుం పట్టీలో అగ్గిపెట్టె కంటే చిన్న రిసీవరు దొరికాయి. గెలిచిన ఆటలన్నీ కొట్టేశారు. మూడేళ్లు ఆడకూడదన్నారు, కోచ్ మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో వాడు వేరే సీట్లో కూర్చున్నాడు.

పేపర్లో చిన్న వార్త పడింది, సొంత తమ్ముడినే పట్టించిన అక్క అని. క్లినిక్‌కు వచ్చినవాళ్లు చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. మేడమ్ అయితే "నా దగ్గర పని నేర్చుకుంది" అని అందరికీ చెప్పింది. చెవులక్కకు ఒళ్లు మండిపోయేది. నేను అబద్ధమాడాను, సరిగా ఆడలేకపోయాను, అని అరవాలనిపించేది. తమ్ముడి మీద కోపం లేదా అంటే, బోలెడుంది. ఓడినా వాడే కావాలి తనకు, ఆ ముక్క వెధవకు ఎందుకు తెలియలేదు? కానీ కోపం కంటే ఇంకోటి ఎక్కువగా కోస్తోంది. తను కాపాడబోయినప్పుడు వాడు నేల చూస్తున్నాడు, ఆ మాట వాడికి అందనేలేదు. తలెత్తి చూసింది మాత్రం 'గుర్రం ఎఫ్ ఐదు' అంటున్న అక్క పెదవుల్ని.

తొమ్మిదో రోజు వాడి గదికి వెళ్లింది. తలుపు తీసే ఉంది. మంచం మీద కూర్చున్నాడు, చెవిలో మిషన్ లేదు. ఆమె కుర్చీ లాక్కుని, మొహం మీద వెలుగు పడేలా ఎదురుగా కూర్చుంది.

"నేను చెప్పేది ఒక్కసారి చూడరా."

చూశాడు.

"ఆ రోజు నేను ముందు..."

వాడు కళ్లు మూసుకున్నాడు.

మోకాలు పట్టి కుదిపింది. వాడు కదిలాడు గానీ కళ్లు తెరవలేదు. చెవులక్క అక్కడే కూర్చుని, ఫోన్ మాటా, తన అబద్ధమూ, ఏదీ వదలకుండా, ఒక్కో మాటా విడివిడిగా, పెదవులు బాగా కదిలిస్తూ, వాడి మూసిన కళ్ల ముందు మొత్తం చెప్పింది.