వెనక్కి పిలవని డ్రైవరు

ఇద్దరు మిత్రులతో విహారానికి వెళ్ళి, జార్జియా కొండల మధ్య దొరికిన ఒకే ఒక్క టాక్సీని వదిలేసిన మొనగాణ్ణి నేను. అదీ వెయ్యి రూపాయల దగ్గర. మా వంశంలో ఇంత గొప్ప బేరం ఎవరూ చేసి ఉండరు.

మా నాన్నది టోలిచౌకిలో బట్టల దుకాణం. నాది ఫిలింనగర్‌లో సినిమాలకు దుస్తులు కిరాయికిచ్చే కొట్టు. గిరాకీ మెట్లు దిగుతుంటే వెనక్కి పిలవాలి. గిరాకీ నేనైతే మెట్లు దిగాలి. నా చదువంతా ఇదే. ఆ డ్రైవరు ఫోన్లో అంకె నొక్కి చూపించాడు. మన లెక్కలో వెయ్యి తగ్గేలా నేనొక అంకె నొక్కాను. తల అడ్డంగా ఊపాడు. బ్యాగు భుజానికి తగిలించుకుని నడిచాను.

వెనకాల ఇంజను శబ్దం. వెళ్ళిపోయాడు. పిలవలేదు! ఒక్క హారనైనా కొట్టలేదు. వ్యాపారం చేసే పద్ధతేనా అది?

"వెనక్కి పిలుస్తాడన్నావు కదరా. ఏడీ?" అన్నాడు భీమవరం మిత్రుడు. షూటింగులకు లైట్లు అద్దెకిస్తాడు.

రెండో మిత్రుడు మోతీనగర్ వాడు, డబ్బింగ్ చెబుతాడు. ఏళ్ళ తరబడి గుంపులో అరుపులు అరిచాక, మొదటిసారి హీరో తమ్ముడి పాత్రకు వాడి గొంతు అడిగారు. మర్నాడు మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో రికార్డింగు. దానికి చేరాలంటే టాక్సీ పోయిన ఆ రోజు సాయంత్రమే మేము విమానం అందుకోవాలి.

"లిఫ్ట్ అడుగుదాం. ఇక్కడ అందరూ ఆపుతారట," అన్నాను.

ఆపలేదు. ఖాళీ సీట్లతో కార్లు మా ముందు నుంచే పోయాయి. ఒకడు నవ్వుతూ చెయ్యి కూడా ఊపాడు.

"మనం గీడ టాటా చెప్పనీకి నిలబడ్డమా?" అన్నాడు మోతీనగర్ వాడు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎవడైనా బొటనవేలు చూపిస్తే నేనూ ఆపను. అయినా ఒళ్ళు మండిపోయింది.

చివరికి ఒక ముసలాయన ఆలుగడ్డల వ్యాను ఆపి తలుపు తీశాడు. నా నోరు ఊరుకుంటుందా? "హౌ మచ్?" అన్నాను.

"ఎక్కు సేటూ! గీడ గూడ బేరమా? నోరు మూసుకొని ఎక్కు!" అన్నాడు మోతీనగర్ వాడు. వాడు నన్నెప్పుడూ సేటూ అనే పిలుస్తాడు.

పెద్దాయన డబ్బు ముట్టలేదు. జేబులో పెట్టబోతే నా చెయ్యి తోసేశాడు. దారిలో ప్రతి ఊళ్ళోనూ ఆగి, బస్తా దించి, కబుర్లు చెప్పి, మళ్ళీ బయల్దేరాడు. కిరాయి కట్టిన బండైతే గొంతు చించుకునేవాణ్ణి. పైసా తీసుకోనివాణ్ణి ఏమని తొందరపెట్టను? ఊరికే ఎక్కించుకుని నా నోరు కట్టేశాడు!

విమానాశ్రయంలో కౌంటరు మూసేశారు.

మోతీనగర్ వాడు స్టూడియో మేనేజరుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక్క రోజు జర ఆగుండ్రి."

"మిక్సింగ్ ఎల్లుండే తమ్ముడూ. ఇంకో అబ్బాయి ఉన్నాడు, వాడితో చెప్పించేస్తాం. ఏమనుకోకు."

"ఒక్క రోజు ఆగితే వాళ్ళ సొమ్మేం పోతుంది?" అని నేను ఎగిరిపడ్డాను.

"నువ్వు జర సప్పుడు చెయ్యకు," అన్నాడు. సేటూ అని కూడా అనలేదు.

లెక్క చెబుతాను. టాక్సీ కిరాయి మొత్తం మిగిలింది. ముసలాయనకు ఇచ్చింది సున్నా. ముగ్గురికీ మళ్ళీ టికెట్లు నేనే కొన్నాను, నా కొట్టు రెండు నెలల రాబడి అందులో పోయింది. సినిమా విడుదలైంది, హీరో తమ్ముడికి ఇంకెవరిదో గొంతు. ఆ ఖరీదు మాత్రం నేను కట్టలేదు. మోతీనగర్ వాడు కట్టాడు.