చెల్లెలి వేలిముద్ర

అమ్మవారి సంబరానికి పుట్టింటికి పిలిచిన ఆడపడుచును మా వైపు ఉత్త చేతులతో పంపరు. కిందటి సంబరానికి మా చెల్లెలికి చీరతో పాటు చిన్న ఫోను కొన్నాను. సిమ్ము కోసం నరసన్నపేట రోడ్డు పక్కన గొడుగు వేసుకు కూర్చున్న మనిషి దగ్గరికి నేనే తీసుకువెళ్లాను.

"ముద్ర పడలేదమ్మా, మళ్లీ నొక్కు" అన్నాడతను.

మాకది వింతగా తోచలేదు. ఊడ్పుల్లో, కోతల్లో అరిగిపోయిన ఆమె బొటనవేలు రేషను మిషను మీద కూడా ఒక పట్టాన పడదు. ఎండ మండుతోంది. "గట్టిగా నొక్కవే, ఎంతసేపు!" అని విసుక్కున్నాను. నొక్కింది.

కొన్ని నెలలకు చీపురుపల్లి దగ్గర ఆమె అత్తవారి ఊరికి పోలీసులు వచ్చారు. స్టేషనుకు నేను తోడు వెళ్లాను. ఆనాడు రెండుసార్లు పడిన ముద్రతో ఆమె పేరున రెండు సిమ్ములు తీశారట. రెండోది చేతులు మారి ఒక ఉగ్రవాద ముఠాకు చేరింది. ఆ నంబరుతో సందేశాలు పంపే ఖాతా తెరిచి, తమలో చేరమని కుర్రవాళ్లకు వీడియోలు పంపుతున్నారు.

"తెలిసి ఇస్తే వాళ్లకు సాయం చేసినట్టే, జైలుకు వెళ్లాలి. మోసపోయి ఇస్తే సాక్షి" అన్నాడు అధికారి. "రెండోసారి ఎవరు నొక్కమన్నారమ్మా?"

చదవని కాగితం మీద సంతకం పెట్టని మనిషినని ఊళ్లో నాకు పేరు. ఆ పేరు ఎక్కడ పోతుందోనని తల వంచుకు కూర్చున్నాను.

"ఎవులూ సెప్పలేదు బాబూ. నానే నొక్కినాను" అంది చెల్లెలు.

"తన ఇష్టంతోనే" అని పైకి చదువుతూ అతను రాసుకున్నాడు. అది విన్నాక లేచాను.

"నొక్కమన్నది నేను సార్. ముద్ర పడలేదని అమ్మినవాడు అన్నాడు. పక్కనే ఉండి కూడా అతని ఫోను తెర మీద ఏముందో నేను చూడలేదు."

నా వాంగ్మూలం తీసుకున్నాక, ప్రస్తుతానికి ఆమెను సాక్షిగానే ఉంచుతామన్నారు. కేసు తేలేదాకా పిలిచినప్పుడల్లా ఇద్దరం రావాలి.

"నన్ను కాయడానికి అబద్ధమెందుకాడావే?" అన్నాను, బయటికొచ్చాక.

"పదిమంది ముందర నిన్ను సెడ్డ సెయ్యమంతావేటి? గాని అన్నియ్యా, అంతసేపు ఏటి ఆలోసించినావు?"

రోజూ రాసుకునే డైరీలో ఆనాడు 'స్టేషను పని' అని మాత్రం రాసుకున్నాను. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా, ఊరొచ్చేదాకా ఆమె నిలబడే వచ్చింది.