పులికి వేరే బంతి

ఫోన్లలో డేటా మంచినీళ్ళకంటే చవకైన ఆ కొత్తల్లో నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో చీరలు మడతపెట్టేవాణ్ణి. మిగతా సమయంలో ప్రపంచాన్ని చిన్నచూపు చూసేవాణ్ణి. రెండో పనికి జీతం లేకపోయినా దాన్నే ఎక్కువ శ్రద్ధగా చేసేవాణ్ణి. మా నాయన జమ్మలమడుగులో మిషను బడి అయ్యవారు, నేనేమో ఇంటర్ తప్పినవాణ్ణి. (ఇంట్లో జరిగే ప్రతి ప్రార్థనలోనూ ఈ సంగతి దేవుడికి గుర్తుచేసేవారు.) అయితేనేమి, ఊరి గ్రంథాలయంలోని విజ్ఞాన సర్వస్వాన్ని చెదలు తినగా మిగిలినంతవరకూ చదివేశాను. ఐరోపా రాజులు విందుల్లో ఏ వరసలో కూర్చుంటారో, నెమలిని ఎలా వేపుతారో నాకు తెలుసు. ఆ రాజులు చివరికి ఏమయ్యారో మాత్రం తెలియదు. ఆ పుటలు చెదలకు నచ్చాయి.

అలాంటి రోజుల్లో ఫోన్లో వీడియోలు చూస్తుంటే నాకు ఒక ఆట సంగతి తెలిసింది. నలుగురు చుట్టూ కూర్చుంటే ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో వీరులో మంత్రగాళ్ళో అవుతారు. "ఇప్పుడు ఏం చేస్తావు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు, వాళ్ళు చెబుతారు, అది నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ప్రొద్దుటూరులో బంగారం ఏ వీధిలో అడిగినా దొరుకుతుంది గానీ ఇరవై ముఖాల పాచిక దొరకదు. అందుకని జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి, హౌసీ ఆట అంకెల బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై దాకా అందులో వేసి తీయించేవాణ్ణి.

కొట్టుకు సెలవైన ఆదివారాలు మధ్యాహ్నం పూట మిద్దెమీద బట్టల మూటల మధ్య ఆడేవాళ్ళం. మా యజమాని కొడుకు చిన్నశెట్టి ఒకడు. ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కరెంటు మామ ఒకడు. (ఎవరికీ మామ కాడు, అందరికీ మామే.) చర్చి అయ్యాక జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చే మా అక్క మూడో మనిషి. వాళ్ళు మూటలమీద కూర్చునేవాళ్ళు. నాకు మాత్రం కింద గల్లాపెట్టె దగ్గర నుంచి మోసుకొచ్చిన చేతుల కుర్చీ. వారమంతా యజమాని కూర్చునే కుర్చీ అది. అందులో కూర్చున్నంతసేపూ నేను చీరలు మడతపెట్టేవాణ్ణి కాను. పైగా ఈ ముగ్గురూ ఎంత చదవనివాళ్ళో చూసి జాలిపడేందుకు కూడా ఆ ఎత్తు బాగుండేది.

దసరా సెలవులకు బెంగళూరు నుంచి మా మేనత్త కొడుకు దిగాడు. ముఖమల్ సంచిలో రంగురంగుల అసలు పాచికలు తెచ్చాడు. అట్టలమీద రాక్షసుల బొమ్మలున్న పుస్తకాలు తెచ్చాడు. (బొమ్మలవరకే చూశాడని తర్వాత తెలిసింది.) నా గుడ్డ సంచిని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఏందిరా బామ్మర్దీ ఇది, హౌసీనా? మా అపార్ట్‌మెంటులో పిల్లకాయలు గూడ ఇంతకంటే బాగా ఆడతారు."

"కథ చూసి మాట్లాడు బావా."

"సరే, వచ్చే ఆదివారం చూస్తా. సాయంత్రం నా బస్సు టయానికి ముందే వీళ్ళు ఆట చాలించి లేచిపోతే ఆ కుర్చీ నాది. నెల నెలా వచ్చి నేనే నడిపిస్తా. నువ్వు మూటమీద కూచో."

వారమంతా గ్రంథాలయంలోనే ఉన్నాను. కథ తయారైంది. ఒక ప్రభువు కోటలో ముసుగుల విందు. ఎవరు ఏ ముసుగు తొడిగితే వాళ్ళకు నిజంగానే ఆ రూపం వస్తుంది. అతిథుల మధ్య ఒక మాయావి, ప్రభువు కూతురి రూపంలో తిరుగుతుంటుంది. అసలు కూతురు నేలమాళిగలో బందీ. విందు ముగిసేలోగా మాయావిని పట్టుకోవాలి. అద్దంలో పడని నీడ, పిల్లి బెదరడం, నాట్యంలో తప్పిన అడుగు అంటూ ఆనవాళ్ళు పేర్చుకున్నాను. సాయంత్రందాకా తెమలదని లెక్క వేశాను.

ఆదివారం వచ్చింది. బావ గోడకానుకుని చేతులు కట్టుకున్నాడు. ఒక రామచిలుక కిటికీలో వాలి విందుకు ఆహ్వానం పలికిందని గంభీరంగా మొదలుపెట్టాను.

"మేం పోం," అంది అక్క.

"ఎందుకు పోరు?"

"చిలకతో పిలిపిస్తే పోతారా యాడన్నా? ఆ ప్రభువుకు కాళ్ళు లేవా? ఇంటికొచ్చి పిలవాల."

బావ కిసుక్కున నవ్వాడు. చేసేది లేక అంత ప్రభువునీ గుర్రమెక్కించి సత్రానికి తెచ్చి, ముగ్గురినీ పేరుపేరునా పిలిపించాను. అప్పుడు బయల్దేరారు. చిన్నశెట్టి పులి ముసుగు తొడిగాడు, మామ ఎలుగుబంటి, అక్క కొంగ. వెయ్యి దీపాల గాజుగుత్తుల కింద నాట్యం మొదలైందని నేను పుస్తకంలోంచి ఎత్తుకొచ్చిన వర్ణన చదువుతుంటే మామ ఆవలించాడు.

"అదంతా సరేగానప్పా, అన్నాలెప్పుడు? ఎలుగుబంటికి ఆకలైతాంది."

నాట్యం ఆపి విందు వడ్డించాను. బంగారు పళ్ళెంలో వేపిన నెమలి.

"నేను తినను," అన్నాడు చిన్నశెట్టి.

"నువ్వు పులివిరా!"

"పులినైతే? శెట్లింటి పులిని. నాకు వేరే బంతి పెట్టు."

ఆ కోటలో పులికి విడిగా ఆకు వేసి పప్పన్నం పెట్టించాను. ఐరోపా చరిత్ర మొత్తంలో అలాంటి దుర్గతి ఏ ప్రభువుకీ పట్టి ఉండదు. అంతటితో ఆగలేదు. పిలిచినాయప్ప పక్కకొచ్చి "ఇంకొంచెం పెట్టుకోండి" అనకుంటే అదేం విందని మామ అలిగాడు. పాపం ప్రభువు నెయ్యి గిన్నె పట్టుకుని వరసలమధ్య తిరిగాడు. ఇక నా చదువుకు మిగిలింది ఒక్కటే, ప్రభువు కూతురు. పుస్తకంలో ఉన్నట్టు ఆమెను ముందు వరసలో, ఎత్తయిన ఆసనంమీద కూర్చోబెట్టి తినిపించాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నాయన నిలబడి వడ్డిస్తాంటే ఇంటి ఆడబిడ్డ మొదటి బంతిలోనే కూచొని తింటాందా?" అంది అక్క. "అది కూతురు కాదు. పట్టుకో మామా!"

"ఆ దేశంలో ఇంటివాళ్ళే ముందు కూర్చుంటారు! పుస్తకంలో ఉంది!"

"ఆ దేశం యాడుందో ఏమో. మామా, బిళ్ళ తియ్యి."

మామ సంచిలో చెయ్యి పెట్టాడు. ఇరవై వచ్చింది, ఇక తిరుగులేదు. ఎలుగుబంటి ఒక్క ఉరుకున మాయావి జుట్టు పట్టుకుంది. అద్దమూ పిల్లీ తప్పిన అడుగూ అన్నీ నా జేబులోనే మిగిలిపోయాయి. సాయంత్రందాకా రావలసిన కథ పప్పన్నం దగ్గరే ముగిసింది.

"అయిపాయె," అన్నాడు బావ చేతులు దులుపుకుంటూ. "లెయ్ బామ్మర్దీ."

కుర్చీ చేతులమీద బరువు మోపి సగం లేచాను. అప్పుడు చిన్నశెట్టి అడిగాడు.

"యాడికప్పా పోతాండావు? నా బంతికి ఇంకా మజ్జిగ రాలేదే."

"విలన్ దొరికిపాయె గదా! ఇంక ఆడేదేముంది?" అన్నాడు బావ.

"ఆ దయ్యాన్ని స్తంభానికి కట్టేస్తాం," అంది అక్క. "అసలు పిల్లను ఎతికి అన్నం పెట్టొద్దా? రెండో బంతి కూచోవద్దా? నువ్వు పెండ్లికి పోతే ఫోటో దిగి వచ్చేస్తావేమో బావా. మేం తాంబూలం తీసుకోకుండా లేయం."

నేను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. తాంబూలం ఇవ్వాల్సింది ఎవరు? నేనే. ఇవ్వకపోతే వీళ్ళు లేవరు.

ఆ తర్వాత నా గ్రంథాలయ జ్ఞానానికి ఎవరూ పని చెప్పలేదు. నేలమాళిగ నుంచి అసలు కూతుర్ని తెచ్చి, అక్క దగ్గరుండి తినిపించింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎలుగుబంటి వంటవాడితో గొడవపడింది. రెక్కల గుర్రాల్ని ఏ బంతిలో కూర్చోబెట్టాలో తేలక పంచాయితీ జరిగింది. నేను "ఇప్పుడు ఏం చేస్తావు?" అని మాత్రమే అడుగుతూ వచ్చాను. తాంబూలాల మాట వచ్చినప్పుడల్లా ఆకులున్నాయి గానీ వక్కలు నిండుకున్నాయని చెప్పి, పక్క రాజ్యానికి మనిషిని పంపేవాణ్ణి. ఆ మనిషికి దారిలో నేను కల్పించిన వరదలు, దొంగలు, అత్తగారిల్లు అన్నీ తగిలాయి. బావ గడియారం చూసుకున్నాడు. బెంగళూరు బస్సు వేళయింది. ముఖమల్ సంచి జేబులో దోపుకుని మెట్లు దిగాడు. సగం దిగి ఆగాడు.

"ఇంతకీ ఆ పులికి మజ్జిగ వచ్చిందా ల్యా?"

"వచ్చింది బావా," అన్నాడు చిన్నశెట్టి.

ఆ గెలుపు నా చదువువల్లే వచ్చిందని చాలాకాలం చెప్పుకు తిరిగాను. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు అక్కడ లేనివాళ్ళు. ఇప్పుడు నా దగ్గర ఇరవై ముఖాల అసలు పాచిక ఉంది, కానీ ఆడేవాళ్ళు లేరు. అక్క పులివెందులలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. చిన్నశెట్టి ఆ చేతుల కుర్చీలోనే కూర్చుని గల్లా చూసుకుంటున్నాడు, నేను ఇంకా ఆ కొట్లోనే ఉన్నాను. మామ వేరే ఊరి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. ఎక్కడన్నా పెళ్ళికి పోయి భోజనం చేశాడంటే మాత్రం నాకు ఫోన్ చేస్తాడు.

"ఏమప్పా, వక్కలొచ్చినాయా?"

ఎత్తు కుర్చీలో కూర్చుని లోకాన్ని చూసి జాలిపడిన ఆ పొగరుబోతు నా గొంతులోకి వచ్చి, ఎంతో గంభీరంగా జవాబు చెబుతాడు.

"ఇంకా రాలేదు మామా. నువ్వు లేయొద్దు."