కారు తిన్న కజ్జికాయ

ఆ రోజుల్లో మా ఇంట్లో క్రిస్మస్ అంటే ముందు రంగు డబ్బా, ఆ తర్వాతే గుడి. డిసెంబరు వచ్చిందంటే రాయపూర్ రైల్వే క్వార్టర్లో నాన్నగారు బ్రష్షు పట్టుకునేవారు. గేటు, పూలకుండీలు, ట్రంకుపెట్టె, స్టూలు, ఏదీ వదిలేవారు కాదు. "నన్నొక్కదాన్నీ వదిలేయండి, చాలు" అనేది అమ్మ. ఆ ఇంట్లో పుట్టిన నాకు, అప్పుడే డిప్లొమా చేతికొచ్చి ధర్సీవా వైపు ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరిన వయసులో, బుద్ధి ఎంత నిలకడగా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆ ఏడు మేమొక ముసలి అంబాసిడర్ కొన్నాం. కొన్నది అమ్మమ్మ కోసం. గుడివాడ నుంచి మా దగ్గరికొచ్చాక ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రిక్షా ఎక్కలేదు, ఈస్టర్ నుంచి గుడి మొహం చూడలేదు. "కిస్మస్ ఆరాధనకి ఒక్కసారి తీసుకెళ్ళండిరా, ఇంకేమీ అడగను" అనేది రోజూ. ఆ కారేమో ఊరి పక్కనున్న మందిర్ హసౌద్ దాకా వెళ్ళేలోపే ఆయాసపడేది. ఫ్యాక్టరీలో టిఫిన్ డబ్బాల దగ్గర ఒక సర్వజ్ఞుడు ఉండేవాడు. ఇంజన్‌లోకి గాలీ పెట్రోలూ తీసుకెళ్ళే గొట్టం లోపల గరుకుగా ఉంటుందనీ, దాన్ని నున్నగా రుద్దితే బండి ఎగిరిపోతుందనీ చెప్పాడు. (తనకి సైకిల్ కూడా లేదన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.) నేను నమ్మేశాను.

గొట్టం విప్పి వరండాలో పెట్టుకుని, అమ్మ అప్పడాల కర్రకి రేగ్‌మాల్ చుట్టి (గరుకు కాగితాన్ని మా ఊళ్ళో అందరం అలాగే అంటాం) సాయంత్రాలన్నీ రుద్దాను. ముక్కులో నల్లటి పొడి, చేతులకి బొబ్బలు. నాన్నగారు వచ్చి వేలితో తడిమి, "అరె వా! ఇంత నున్నగా చేసి రంగు వెయ్యకపోతే ఎలారా? వెండి రంగు మిగిలుంది" అన్నారు. రంగు లోపలికి పోకూడదు కదా, మూతలు కావాలి. వంటింట్లో అమ్మ కజ్జికాయలకి కలిపిన పిండి ముద్ద కనిపించింది. ఎవరూ చూడకుండా ఇంత తుంచుకొచ్చాను. గొట్టానికి ఇంజన్ వైపు రెండు నోళ్ళు, పైన కార్బురేటర్ కూర్చునే నోరొకటి. మూడింటినీ పిండితో మూసేశాను. నాన్నగారు ఇనుమూ పిండీ అని తేడా చూడకుండా మొత్తానికి వెండి పూత పూసేశారు.

ఇంట్లో గడబిడ మొదలైంది. "పిండి సగమయిందేమిటి? పచ్చి పిండి తిన్నావట్రా?" అని అమ్మ నన్ను, నన్నొదిలి నాన్నగారిని, ఆయన్నొదిలి పక్కింటి పిల్లిని అనుమానించింది. రంగు ఆరాక ఇంజన్ వైపు రెండు మూతలూ పీకేసి గొట్టం బిగించాను. ఇంతలో డ్యూటీ టైమయింది, పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి నాన్నగారు ఆగలేక కార్బురేటర్ కూర్చోబెట్టేసి మీసం తిప్పుతున్నారు.

క్రిస్మస్ పొద్దున అమ్మమ్మ తెల్ల చీర కట్టుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని వెనకసీట్లో కూర్చుంది. నేను తాళం తిప్పాను. ఇంజన్ గురగురలాడింది, అంతే. మళ్ళీ తిప్పాను. అంతే. "కా హోగే భయ్యా?" (ఏమైందన్నా?) అంటూ మా క్వార్టర్ల లైనులో వాళ్ళంతా చేరారు. ఒకరు చలి అన్నారు, ఒకరు ప్లగ్గులన్నారు, ఒకరు దిష్టి అన్నారు. అందరూ తోశారు, వీధి చివరిదాకా తోసి వెనక్కీ తోశారు. నా డిప్లొమా బుర్రకి ఒక్క ముక్క తోచలేదు. గుడి మొదలయ్యే వేళ దాటిపోయింది. "దిగమ్మా, లోపల కూర్చుందువు గాని" అంది అమ్మ. "నేను దిగను. దిగితే మళ్ళీ ఎక్కలేను" అంది అమ్మమ్మ, బైబిలు గట్టిగా పట్టుకుని. నాకు ఏడుపొచ్చింది.

చివరికి కార్బురేటర్ విప్పాను. కింద నోరుండాల్సిన చోట వెండి పళ్ళెంలా మెరుస్తోంది. దీనికి నోరెక్కడ? అసలు ఉండేదా? తొంగిచూసిన అమ్మ ఒక్కసారిగా నా చెవి పట్టుకుంది. "ఒరేయ్! ఆ అంచు చూడు!" పళ్ళెం చుట్టూ చక్కగా మెలికలు. నా వేళ్ళు అలవాటు కొద్దీ కజ్జికాయ అంచు చుట్టేశాయి! చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఆ మెలిక నాకు నేర్పింది అమ్మమ్మే. "మీకైనా కనపడలేదా?" అని అమ్మ నాన్నగారి మీదికి వెళ్ళింది. ఆయన మీసం మీంచి చెయ్యి దించారు. "మూసుండటం చూశాను. డిప్లొమా చదివినవాడు, మూత పెట్టాడంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాను."

స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగించి, లోపల పడిన ముక్కలు చేతికందినంత ఏరి, బిగిస్తే కారు బుర్రుమని లేచింది. (ఎగరలేదు లెండి, మునుపటంతే.) దారంతా మాడిన రంగు వాసన. మేం వెళ్ళేసరికి ఆరాధన అయిపోయి జనం ఇళ్ళకి వెళ్తున్నారు. అమ్మమ్మ చివరి బెంచీ మీద కూర్చుని ఒక పాట మొత్తం పాడింది, మేమంతా ఆవిడ చుట్టూ కూర్చున్నాం. పాస్టరుగారు వెనక్కొచ్చి ప్రార్థన చేశారు. తిరిగొస్తూ ఆవిడ నా భుజం తట్టి, "మెలిక మాత్రం బాగా వేశావురా" అంది. మరుసటి క్రిస్మస్‌కి వెనకసీటు ఖాళీ అయింది.

ఇప్పుడు నా కారు తాళం తిప్పీ తిప్పకముందే లేస్తుంది. కజ్జికాయలు చుట్టిన చేతులు కడుక్కుని క్రిస్మస్ పొద్దున కార్లో కూర్చున్నప్పుడు మాత్రం, ఈ ఒక్కసారికి మొరాయిస్తే బాగుణ్ణనిపిస్తుంది. వెనక నుంచి "నేను దిగను" అని ఎవరైనా అంటారేమోనని తాళం తిప్పకుండా కాసేపు కూర్చుంటాను.